బైక్ మీద షోరూమ్ స్టిక్కర్ సరే.. పడితే బిల్లు ఎవరిది? అమెరికా క్లబ్ రేసింగ్ అసలు లెక్క ఇదీ

ట్యాంక్ మీద షోరూమ్ పేరు. లెదర్ సూట్ వీపు మీద అదే షోరూమ్ లోగో. పిట్‌లో వేసిన టెంట్ మీదా అదే పేరు. అమెరికాలో వీకెండ్ బైక్ రేసుల వీడియోలు చూసేవాళ్లకు ఈ సీన్ బాగా అలవాటే. చూడగానే చాలామందికి ఒకటే అనిపిస్తుంది.. 'వీళ్ల పని భలే ఉంది. బైక్ ఫ్రీ, టైర్లు ఫ్రీ, పెట్రోల్ ఫ్రీ!'

కానీ అసలు కథ వేరు. ఆ బైక్ నడిపే మనిషి సోమవారం పొద్దున్నే ఆఫీసుకో, వర్క్‌షాప్‌కో వెళ్లాల్సినవాడు. చాలాసార్లు ఆ బైక్ అతని సొంత డబ్బుతో కొన్నదే. షోరూమ్ ఇచ్చింది కొంత డిస్కౌంట్, కొంత సాయం, ఒక స్టిక్కర్. ట్రాక్ మీద పడితే మాత్రం ఆ స్టిక్కర్ బిల్లు కట్టదు.

మరి షోరూమ్ స్పాన్సర్ చేసిన టీమ్ అంటే అర్థం ఏంటి? ఎవరు ఏమిస్తారు? ఎవరికి ఏం మిగులుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

క్లబ్ రేసింగ్ అంటే ఏంటి?

మోటోజీపీ అందరికీ తెలుసు. అది ప్రపంచ స్థాయి. అమెరికాలో జాతీయ స్థాయి ప్రొఫెషనల్ రేసులను మోటోఅమెరికా నడుపుతోంది. మాజీ ప్రపంచ చాంపియన్ వేన్ రైనీ నాయకత్వంలో 2015లో దాని తొలి సీజన్ జరిగింది. వీటికి కింద ఉండేదే క్లబ్ రేసింగ్. అంటే అమెచ్యూర్లు, ఉద్యోగాలు చేసుకుంటూ సరదా కోసం, పోటీ కోసం రేస్ చేసేవాళ్లు సభ్యులుగా ఉన్న క్లబ్బులు సొంతంగా నిర్వహించుకునే రేసులు.

ఉత్తర కాలిఫోర్నియాలోని అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ మోటార్‌సైక్లిస్ట్స్.. షార్ట్‌గా ఏఎఫ్ఎం.. ఇలాంటిదే. 1954లో మొదలైంది. లాభాల కోసం కాకుండా సభ్యులే నడుపుకునే క్లబ్. సోనోమా, థండర్‌హిల్, బటన్‌విల్లో ట్రాకుల మీద దీని రేసులు జరుగుతుంటాయి. ట్రాఫిక్ లేకపోతే సిలికాన్ వ్యాలీ నుంచి సోనోమాకు కార్లో రెండు గంటల్లోపే. టెక్సస్ వైపు ఇలాగే సెంట్రల్ మోటార్‌సైకిల్ రోడ్‌రేసింగ్ అసోసియేషన్, అంటే సీఎంఆర్ఏ ఉంది. బే ఏరియా, డల్లాస్.. రెండు చోట్లా మన తెలుగువాళ్లు భారీగా ఉన్నారు. అక్కడ బైక్ కొన్న కుర్రాళ్లకు షోరూమ్ కౌంటర్ దగ్గర ఈ క్లబ్బుల మాట వినపడటం పెద్ద వింతేమీ కాదు.

డబ్బు కడితే రేస్ చేయనిస్తారా?

చేయనివ్వరు. ముందు ట్రాక్ డేకి వెళ్లి ట్రాక్ మీద నడపడం అలవాటు చేసుకోవాలి. ట్రాక్ డే రేస్ కాదు. అక్కడ గెలుపు, ఓటమి ఉండవు. ఆ తర్వాత కొత్త రేసర్ల స్కూల్. క్లాస్‌రూమ్‌లో రూల్స్, జెండాల అర్థాలు చెప్తారు. ట్రాక్ మీద స్టార్ట్ ఎలా తీసుకోవాలి, ఒకరినొకరు ఎలా దాటాలి అన్నది చూపిస్తారు. పాసైతేనే ఆ క్లబ్ లైసెన్స్.

కొత్తవాళ్లను దూరం నుంచే గుర్తుపట్టేలా ఏర్పాట్లు ఉంటాయి. కొన్ని క్లబ్బుల్లో కొత్త రేసర్ల బైక్‌కు పసుపు రంగు నంబర్ ప్లేట్, అనుభవం ఉన్నవాళ్లకు తెల్ల ప్లేట్. వెనక నుంచి 200 కిలోమీటర్ల స్పీడ్‌తో వచ్చేవాడికి ముందున్నది కొత్తవాడని వెంటనే తెలియాలి కదా!

జెండాలు కూడా అంతే ముఖ్యం. పసుపు జెండా ఊపారంటే ముందు ప్రమాదం ఉంది, ఓవర్‌టేక్ చేయకూడదు. ఎర్ర జెండా అంటే రేస్ ఆపేశారు. నలుపు మీద నారింజ రంగు గుండ్రటి చుక్క ఉన్న జెండా ఒక రైడర్‌కు చూపించారంటే.. అతని బైక్‌లో ఏదో తేడా ఉంది, ఆయిల్ కారుతుండొచ్చు, వెంటనే ట్రాక్ వదలాలి. ఈ జెండాలు పట్టుకుని ప్రతి మలుపు దగ్గరా నిలబడేవాళ్లను కార్నర్ వర్కర్లు అంటారు. ఎండలో రోజంతా నిలబడేది వీళ్లే. కార్నర్ వర్కర్లు, అంబులెన్స్ సిద్ధంగా లేకపోతే ట్రాక్ మీదికి ఒక్క బైక్ కూడా దిగదు.

రోడ్డు బైక్.. రేస్ బైక్ ఎలా అవుతుంది?

క్లబ్ రేసుల్లో తిరిగేవి చాలావరకు షోరూమ్‌లో దొరికే బైకులే. 1999లో వచ్చిన సుజుకి ఎస్‌వీ 650 ఏళ్ల తరబడి క్లబ్ రేసర్ల ఫేవరెట్. కవాసకి నింజా 400, యమహా ఆర్3 లాంటి చిన్న బైకులతో మొదలుపెట్టేవాళ్లూ ఎక్కువే. ఇక్కడో ఇంట్రెస్టింగ్ విషయం. 2015 నుంచి మోటోఅమెరికాలో కుర్రాళ్ల కోసం కొన్నేళ్లు నడిపిన కప్ రేసుల్లో వాడింది కేటీఎం ఆర్‌సీ 390. ఆ బైకులు తయారైంది మన పుణె దగ్గర చాకన్‌లోని బజాజ్ ప్లాంట్‌లోనే!

బైక్‌ను రేస్‌కు రెడీ చేయాలంటే ముందు తీసేయాల్సినవి కొన్ని.. అద్దాలు, ఇండికేటర్లు, సైడ్ స్టాండ్, నంబర్ ప్లేట్. హెడ్‌లైట్ తీసేయాలి, లేదా పగిలితే ముక్కలు ట్రాక్ మీద పడకుండా టేప్ వేయాలి. రేడియేటర్‌లో మామూలు కూలెంట్ బదులు నీళ్లు పోయాలి. ఎందుకంటే కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ ట్రాక్ మీద కారితే జారుడుగా తయారవుతుంది. శుభ్రం చేయడమూ కష్టమే. వెనక వచ్చేవాళ్లంతా అక్కడే జారిపడతారు.

ఆయిల్ డ్రెయిన్ బోల్ట్, ఆయిల్ ఫిల్టర్ లాంటివి వైబ్రేషన్‌కు వదులైపోకుండా సన్నటి స్టీల్ వైరుతో కట్టేస్తారు. దీన్నే సేఫ్టీ వైర్ అంటారు. ఇంజిన్ కింద ట్రే లాంటి భాగం పెడతారు. ఇంజిన్ పగిలినా ఆయిల్ అందులోనే ఆగుతుంది. ఇవన్నీ రేస్ రోజు పొద్దున టెక్ ఇన్‌స్పెక్షన్‌లో చూస్తారు. ఒక్క వైర్ లేకపోయినా బైక్ వెనక్కే.

షోరూమ్ సాయం అసలు మొదలయ్యేది ఇక్కడే. ఈ పని చేతకాని కొత్త రేసర్‌కు సర్వీస్ సెంటర్‌లో మెకానిక్ పక్కన నిలబడి చేసుకునే అవకాశం దొరికితే.. అది డబ్బు కంటే విలువైన స్పాన్సర్‌షిప్.

మరి షోరూమ్ ఏమిస్తుంది?

క్లబ్ స్థాయిలో నగదు ఇచ్చే షోరూమ్‌లు తక్కువ. సాధారణంగా ఇచ్చేవి ఇవే..

* స్పేర్ పార్ట్స్, టైర్లు, ఆయిల్ మీద డిస్కౌంట్
* కొన్నిసార్లు బైక్‌ను లాభం వేసుకోకుండా కొన్న ధరకే ఇవ్వడం
* టైర్ మార్చడం, చిన్న రిపేర్లకు లేబర్ ఛార్జ్ మాఫీ
* ట్రాక్ వరకు బైక్ తీసుకెళ్లడానికి వ్యాన్ లేదా ట్రైలర్
* పిట్‌లో టెంట్, టూల్స్, ఒక్కోసారి వీకెండ్‌కు ఒక మెకానిక్

లెక్క వేసి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఉదాహరణకు ఒక రైడర్ సీజన్‌లో 6 వీకెండ్లు రేస్ చేస్తాడనుకుందాం. వీకెండ్‌కు ఒక జత టైర్లు, జత 450 డాలర్లు అనుకుంటే.. టైర్లకే 2,700 డాలర్లు. షోరూమ్ 20 శాతం తగ్గిస్తే మిగిలేది 540 డాలర్లు. జేబులోంచి పోయేది 2,160 డాలర్లు. అంటే స్పాన్సర్ ఉన్నా కూడా టైర్ల ఖర్చులో 5 భాగాలకు 4 భాగాలు రైడర్‌వే.

ఇది టైర్ల లెక్క మాత్రమే. ఎంట్రీ ఫీజు, ప్రాక్టీస్ ఫీజు, పెట్రోల్, రానుపోను ఖర్చు, హోటల్, హెల్మెట్, లెదర్ సూట్.. ఇవన్నీ వేరే.

షోరూమ్‌కు ఏంటి లాభం?

అమెరికా ఆటోమొబైల్ రంగంలో ఒక పాత మాట ఉంది.. ఆదివారం గెలిస్తే సోమవారం అమ్ముడుపోతుందని. ట్రాక్ మీద ఏ బైక్ గెలిస్తే షోరూమ్‌లో దానికే గిరాకీ అన్నమాట.

క్లబ్ రేసు చూడటానికి వచ్చేవాళ్లు ఎక్కువ ఉండరు. రైడర్ల ఇంట్లోవాళ్లు, ఫ్రెండ్స్ అంతే. కాబట్టి షోరూమ్‌కు కావాల్సింది స్టేడియంలో చప్పట్లు కాదు. పాడాక్‌లో, అంటే బైకులు నిలిపే చోట ఉన్న మిగతా రేసర్లే అసలు కస్టమర్లు. వాళ్లు ఏటా టైర్లు కొంటారు, చైన్లు కొంటారు, పడితే పార్ట్స్ కొంటారు. ఫలానా షోరూమ్‌లో రేసర్‌కు మర్యాద ఉంది, సామాను స్టాక్ ఉంటుంది అన్న మాట పాడాక్‌లో పాకితే చాలు.

అందుకే షోరూమ్‌లు ఎప్పుడూ గెలిచేవాడినే వెతకవు. పదో స్థానంలో వచ్చినా బైక్ శుభ్రంగా పెట్టుకునేవాడు, పక్కవాడికి స్పానర్ ఇచ్చేవాడు, వీడియోలు పెట్టేవాడు, కౌంటర్‌కు నలుగురిని తీసుకొచ్చేవాడు వాళ్లకు ఎక్కువ ఉపయోగం. గెలిచి గొడవ పడేవాడి కంటే ఓడినా నవ్వుతూ మాట్లాడేవాడికే స్టిక్కర్ దొరుకుతుంది.

గెలిస్తే డబ్బులు రావా?

వస్తాయి. కానీ ఎక్కువగా వేరే దారిలో. దీన్ని కంటింజెన్సీ అంటారు. ఫలానా కంపెనీ బైక్ మీద, ఫలానా క్లాస్‌లో మొదటి కొన్ని స్థానాల్లో వస్తే ఆ కంపెనీ ఇంత ఇస్తుందని ముందే ప్రకటిస్తారు. టైర్ కంపెనీలు, ఆయిల్ కంపెనీలు కూడా ఇలాంటి స్కీములు పెడుతుంటాయి.

మెలిక ఎక్కడంటే.. అన్నీ నగదు రూపంలో రావు. కొన్ని స్కీముల్లో వచ్చేది క్రెడిట్. దాన్ని డీలర్ దగ్గర పార్ట్స్ కొనడానికో, టైర్లు తీసుకోవడానికో వాడుకోవాలి. పైగా కంపెనీ స్టిక్కర్ చెప్పిన సైజులో, చెప్పిన చోట లేకపోతే గెలిచినా రాదు. ముందుగా రిజిస్టర్ చేసుకోకపోయినా రాదు. ఈ కాగితాల పని తెలిసిన షోరూమ్ వెనక ఉంటే రైడర్‌కు సగం తలనొప్పి తగ్గుతుంది.

అసలు ప్రశ్న.. పడితే?

రేస్ చేసేవాడు ఎప్పుడో ఒకసారి పడతాడు. ఇది భయపెట్టే మాట కాదు, లెక్కలో వేసుకోవాల్సిన మాట.

పడటంలో రెండు రకాలు. మలుపులో టైర్ పట్టు వదిలి బైక్ కిందికి జారిపోతే లో సైడ్. రైడర్ బైక్ వెనకే జారుకుంటూ వెళ్తాడు. లెదర్ సూట్ బాగుంటే చాలాసార్లు లేచి నడుస్తాడు. రెండోది హై సైడ్. వెనక టైర్ జారి, హఠాత్తుగా మళ్లీ పట్టు దొరికితే బైక్ ఒక్కసారి విదిలించి రైడర్‌ను గాల్లోకి విసిరేస్తుంది. ఎముకలు విరిగేది ఎక్కువగా ఇందులోనే.

లో సైడ్ అయినా సరే.. ఫెయిరింగ్, హ్యాండిల్, లివర్, ఫుట్ రెస్ట్ పోతాయి. ఏడాదంతా టైర్ల డిస్కౌంట్‌లో మిగిలిన 540 డాలర్లు ఆ ఒక్క మలుపులో తేలిగ్గా అయిపోతాయి. బైక్ రేస్‌లో పడితే మామూలు ఇన్సూరెన్స్ వర్తించదు. రేస్‌లో వాడిన బైక్‌కు కంపెనీ వారంటీ దొరకడమూ కష్టమే. ఇక ట్రాక్ లోపలికి వెళ్లే ముందే ప్రతి ఒక్కరూ ఒక కాగితం మీద సంతకం పెడతారు. ప్రమాదం జరిగితే ట్రాక్ మీద, క్లబ్ మీద కేసు వేయనని దాని సారాంశం.

ఇక్కడే షోరూమ్ టీముల్లో స్నేహాలు చెడేది. బైక్ షోరూమ్‌ది, పడింది రైడర్. రిపేర్ ఎవరు చేయించాలి? నోటిమాటగా 'చూసుకుందాంలే' అనుకున్న చోట గొడవ ఖాయం. పెద్దలు ఊరికే అనలేదు.. ఇచ్చిపుచ్చుకునే దగ్గర మొహమాటం పనికిరాదని.

అందుకే స్టిక్కర్ అతికించే ముందే ఈ 5 విషయాలు కాగితం మీద రాసుకోవాలి.

1. బైక్ ఎవరి పేరు మీద ఉంది? సీజన్ అయ్యాక ఎవరికి?
2. పడితే పార్ట్స్ ఎవరివి, లేబర్ ఎవరిది?
3. డిస్కౌంట్ ఎంత, వేటి మీద, ఎప్పటిదాకా?
4. కంటింజెన్సీ, బహుమతి డబ్బు ఎవరికి?
5. ఎన్ని రేసులు చేయాలి? దెబ్బ తగిలి మధ్యలో ఆగిపోతే ఏంటి?

ఆరో విషయం షోరూమ్‌తో సంబంధం లేనిది. రైడర్ హెల్త్ ఇన్సూరెన్స్ రేసింగ్ గాయాలకు వర్తిస్తుందా లేదా అన్నది. అమెరికాలో ఒక్క ఆపరేషన్ బిల్లు ముందు బైక్ ధర చిన్నదైపోతుంది. పాలసీ చదవకుండా గ్రిడ్ మీద నిలబడటం హెల్మెట్ లేకుండా నిలబడటం లాంటిదే.

ఒంటరిగా కాకుండా టీమ్ ఎందుకు?

ఖర్చు పంచుకోవడానికి. ముఖ్యంగా ఎండ్యూరెన్స్ రేసుల్లో. కొన్ని గంటలపాటు ఆగకుండా సాగే ఈ రేసుల్లో ఒకే బైక్‌ను ఇద్దరు ముగ్గురు రైడర్లు మార్చి మార్చి నడుపుతారు. బైక్ ఒకటే, టైర్ల ఖర్చు పంపకం, పిట్‌లో పెట్రోల్ పోయడానికి, టైర్లు మార్చడానికి షోరూమ్ కుర్రాళ్లు. షోరూమ్ పేరుతో టీమ్ అన్న మాటకు నిండు అర్థం ఇక్కడే కనిపిస్తుంది. 1980లో మొదలైన టీమ్ హ్యామర్ ఇలాంటి ఎండ్యూరెన్స్ రేసుల్లో పేరు తెచ్చుకునే తర్వాత ప్రొఫెషనల్ స్థాయికి ఎదిగింది.

వ్యక్తులుగా ఎదిగినవాళ్లూ ఉన్నారు. 1993లో 500 సీసీ ప్రపంచ చాంపియన్ అయిన కెవిన్ ష్వాంజ్ టెక్సస్‌వాడు. తల్లిదండ్రులకు బైక్ షాప్ ఉండేది. నాలుగేళ్ల వయసులోనే బైక్ ఎక్కాడు. 1984 చివర్లో యోషిమురా సుజుకి టీమ్ ట్రయల్‌లో మెప్పించి పెద్ద రేసుల్లోకి వెళ్లాడు. 2009 వరల్డ్ సూపర్‌బైక్ చాంపియన్ బెన్ స్పీస్ కూడా చిన్నప్పుడు టెక్సస్‌లో సీఎంఆర్ఏ రేసులతో మొదలుపెట్టినవాడే.

కానీ ఇలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. మిగతావాళ్లంతా సోమవారం ఉద్యోగానికి వెళ్లేవాళ్లే. క్లబ్ రేసింగ్ బతికేది ఆ మిగతావాళ్ల మీదే.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

మన దేశంలో మోటార్ రేసులకు లైసెన్స్ ఇచ్చేది ఎఫ్ఎంఎస్‌సీఐ. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఒకప్పుడు షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు నడిపింది. ఆ తర్వాత చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది. అదే ఇప్పటి మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. హైదరాబాద్, విజయవాడ కుర్రాళ్లు జాతీయ స్థాయి రేస్ అనగానే ముందుగా చూసేది చెన్నై వైపే.

మన దగ్గర షోరూమ్ కంటే కంపెనీలదే పెద్ద పాత్ర. టీవీఎస్ లాంటి కంపెనీలు నడిపే వన్ మేక్ రేసుల్లో అందరికీ ఒకే రకం బైక్ కంపెనీయే ఇస్తుంది. సెలక్షన్లు పెట్టి రైడర్లను ఎంచుకుంటుంది. సొంతంగా బైక్ కొని, రెడీ చేసుకునే భారం ఉండదు కాబట్టి కొత్తవాళ్లకు ఇది తక్కువ ఖర్చు దారి.

అయినా రిస్క్ రిస్కే. 2023 ఆగస్టు 5న చెన్నై ట్రాక్ మీదే జాతీయ చాంపియన్‌షిప్ రేసులో బెంగళూరుకు చెందిన 13 ఏళ్ల రైడర్ ప్రాణాలు కోల్పోయాడు. ఆ వీకెండ్‌లో మిగతా రేసులన్నీ రద్దు చేశారు. డాక్టర్లు, అంబులెన్స్, జెండాలు, రూల్స్ అన్నీ ఉన్న చోట కూడా ప్రమాదం పూర్తిగా పోదు.

మరి ఇవేవీ లేని రోడ్డు మీద? అర్ధరాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద మలుపు దగ్గర పసుపు జెండా ఊపేవాళ్లు ఉండరు. ఎదురుగా లారీ రావచ్చు, కుక్క అడ్డం రావచ్చు. చట్టం కూడా ఊరుకోదు. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 189 ప్రకారం అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు మీద రేస్ చేస్తే తొలిసారి 3 నెలల వరకు జైలు లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు, 10 వేల వరకు జరిమానా పడొచ్చు. మన మోటార్ ఇన్సూరెన్స్ పాలసీల్లో కూడా రేసింగ్‌కు వాడితే కవరేజీ లేదని రాసే ఉంటుంది.

చివరిగా..

షోరూమ్ స్పాన్సర్‌షిప్ మోసం కాదు, లాటరీ కూడా కాదు. ఇద్దరికీ ఉపయోగపడే చిన్న ఒప్పందం. షోరూమ్‌కు పేరు, కస్టమర్లు. రైడర్‌కు తక్కువ ధరకు సామాను, పక్కన నిలబడే మెకానిక్. స్పాన్సర్ లేకుండా సీజన్ ఖర్చు భరించలేని రైడర్.. స్పాన్సర్ వచ్చాక కూడా భరించలేడు. ఈ ఒక్క విషయం ముందే తెలుసుకున్నవాళ్లు అప్పులు లేకుండా ఏళ్ల తరబడి రేస్ చేస్తారు. తెలియనివాళ్లు తొలి సీజన్ మధ్యలోనే, పగిలిన ఫెయిరింగ్‌తో ఉన్న బైక్‌ను అదే షోరూమ్ ముందు అమ్మకానికి పెడతారు.